జీసీఎస్‌ఈ: లిటరేచర్‌లో 7, లాంగ్వేజ్‌లో 4. ఒకే అమ్మాయికి ఇంత తేడా ఎందుకు వస్తుంది?

ప్రశ్న: రెడింగ్ నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మేము గుంటూరు నుంచి ఇంగ్లండు వచ్చి ఆరేళ్లయింది. మా అమ్మాయి ఇప్పుడు ఇయర్ 11లో ఉంది, వచ్చే మే, జూన్ నెలల్లో జీసీఎస్‌ఈ పరీక్షలు రాయాలి. ఇవి మన పదో తరగతి పబ్లిక్ పరీక్షల వంటివి, గ్రేడులు 1 నుంచి 9 వరకు ఉంటాయి, 9 అన్నింటికన్నా పైది. ఈమధ్య బడిలో పెట్టిన మాక్ పరీక్షల్లో ఇంగ్లీషు లిటరేచర్‌లో 7వ గ్రేడు, ఇంగ్లీషు లాంగ్వేజ్‌లో 4వ గ్రేడు వచ్చాయి. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన చూసినప్పటి నుంచి నాకూ మా వారికీ పాలుపోవడం లేదు.

నేను పదో తరగతి చదివిన రోజుల్లో తెలుగైనా ఇంగ్లీషైనా ఒకటే సబ్జెక్టు. పద్యభాగం, గద్యభాగం, ఉపవాచకం, వ్యాకరణం అన్నీ దానిలోనే ఉండేవి. పద్యానికి ప్రతిపదార్థం రాసిన చేత్తోనే సంధులు విడదీసేవాళ్లం, లేఖలు రాసేవాళ్లం. భాష గట్టిపడిన తరువాతే సాహిత్యం వంటబడుతుందని మా తెలుగు మాస్టారు చెప్పేవారు, నేనూ ఇన్నాళ్లూ అదే నమ్మాను. అలాంటప్పుడు షేక్‌స్పియర్ నాటకం మీద మూడు పేజీల వ్యాసం రాసి టీచరు మెప్పు పొందిన పిల్ల మామూలు ఇంగ్లీషు పరీక్షలో ఎందుకు తడబడుతోంది? ఇంట్లో తమ్ముడితో మాట్లాడేది కూడా ఇంగ్లీషులోనే. వ్యాకరణం బలహీనంగా ఉందేమోనని ఒక అభ్యాస పుస్తకం కొని, రెండు నెలలుగా రోజూ గంటసేపు దగ్గర కూర్చుని చేయిస్తున్నాను. కామాలు, స్పెల్లింగులు మెరుగుపడ్డాయి కానీ గ్రేడు మాత్రం కదలలేదు. బడిలో అడిగితే ఇంకా ఎక్కువ చదివించమన్నారు, ఏమి చదివించాలో మాత్రం చెప్పలేదు.

ఈ రెండు సబ్జెక్టుల్లో దేనిలో ఏమి పరీక్షిస్తారో, ముందు చదువులకు ఏది ఎక్కువ అవసరమో తెలిసినవారు వివరించగలరా? ఇంకొక సంగతి కూడా ఉంది. జీసీఎస్‌ఈ తరువాత మన ఇంటర్ వంటి రెండేళ్ల చదువైన ఎ లెవెల్‌లో ఇంగ్లీషు లాంగ్వేజ్ తీసుకుంటానని మా అమ్మాయి పట్టుబడుతోంది. 4 వచ్చిన సబ్జెక్టునే మరో రెండేళ్లు చదువుతానంటే సరేననాలో వద్దనాలో తేల్చుకోలేకపోతున్నాను.


సమాధానం 1: సెకండరీ స్కూలు ఇంగ్లీషు టీచరు, బర్మింగ్‌హామ్

అమ్మా, నేను పదిహేనేళ్లుగా ఈ రెండు సబ్జెక్టులూ చెబుతున్నాను. మీ అమ్మాయి వంటి విద్యార్థులు ఏటా ఇద్దరు ముగ్గురైనా నా తరగతిలో ఉంటారు కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

తల్లిదండ్రులను ముందుగా తికమక పెట్టేవి ఈ సబ్జెక్టుల పేర్లే. లాంగ్వేజ్ అనగానే మన మనసు వ్యాకరణం వైపు పోతుంది. కానీ జీసీఎస్‌ఈ లాంగ్వేజ్‌లో భాషను గురించిన పాఠం చాలా తక్కువ. మన తెలుగు ప్రశ్నపత్రంలో అపరిచిత గద్యం అని ఒక చిన్న భాగం ఉండేది కదా, దానినే పెంచి పెద్దచేసి, పక్కన సొంత రచనను చేర్చితే ఏర్పడేది ఈ పరీక్ష. దీనికి పాఠ్యపుస్తకమంటూ ఉండదు. పరీక్ష గదిలో కాగితం తిప్పేవరకు ఏ రచన వస్తుందో విద్యార్థికీ తెలియదు, నాకూ తెలియదు.

మీ బడి ఏ బోర్డు సిలబస్ చెబుతోందో మీరు రాయలేదు. ఎక్కువ బడుల్లో ఉండేది ఏక్యూఏ అనే పరీక్షల బోర్డు కాబట్టి దాని లెక్కే చెబుతాను. లాంగ్వేజ్‌లో రెండు పేపర్లు, ఒక్కొక్కటి గంటా నలభై అయిదు నిమిషాలు, 80 మార్కులు. మొదటి పేపరులో 20వ లేదా 21వ శతాబ్దపు కల్పిత రచన నుంచి ఒక భాగం ఇస్తారు. రెండవ పేపరులో రెండు వాస్తవ రచనలు ఇస్తారు, వాటిలో ఒకటి 19వ శతాబ్దానిది. రెండు పేపర్లలోనూ 40 మార్కులు చదివి రాసే జవాబులకు, 40 మార్కులు సొంత రచనకు. ఆ సొంత రచనలో 24 మార్కులు విషయానికీ అమరికకూ పోగా, స్పెల్లింగు, విరామ చిహ్నాలు, వాక్య నిర్మాణాలకు మిగిలేవి 16. రెండు పేపర్లలోనూ కలిపితే 160కి 32, అంటే అయిదో వంతు. మీరు రెండు నెలలుగా చేయిస్తున్న అభ్యాసం వ్యర్థమని నేను అనను కానీ, అది ఈ అయిదో వంతునే తాకుతుంది. గ్రేడు కదలకపోవడానికి కారణం తక్కిన నాలుగు వంతుల్లో ఉంది.

లిటరేచర్ సంగతి వేరు. అక్కడ ఒక షేక్‌స్పియర్ నాటకం, ఒక 19వ శతాబ్దపు నవల, ఒక ఆధునిక నాటకం లేదా నవల, 15 కవితల సంకలనం ముందే నిర్ణయించి ఉంటాయి. పిల్లలు రెండేళ్లపాటు వాటితో కాపురం చేస్తారు. పరీక్షలో పుస్తకం దగ్గర ఉండనివ్వరు కాబట్టి ముఖ్యమైన వాక్యాలను కంఠస్థం చేస్తారు. ఆ రచన పుట్టిన కాలాన్ని కూడా తెలుసుకుంటారు. ఉదాహరణకు డికెన్స్ 1843లో ప్రచురించిన క్రిస్మస్ కథలో, పేదలకోసం చందా అడగడానికి వచ్చినవారిని స్క్రూజ్ అనే పిసినారి, జైళ్లూ, పేదలతో పని చేయించి తిండి పెట్టే వర్క్‌హౌసులూ ఏమయ్యాయని అడుగుతాడు. 1834లో వచ్చిన పేదల చట్టం నిరుపేదలను ఆ వర్క్‌హౌసుల్లోకి ఎలా నెట్టిందో తెలిసిన విద్యార్థికి ఆ మాటలోని కాఠిన్యం పూర్తిగా తగులుతుంది. తెలియనివాడికి అది ఒక పిసినారి విసుగులా మాత్రమే వినిపిస్తుంది. మనం కన్యాశుల్కం చదివినప్పుడు కూడా, ముసలివారికి పసిపిల్లలను అమ్మిన ఆనాటి ఆచారం తెలియకుండా ఆ నాటకం నవ్వులోని బాధను అందుకోలేం కదా. లిటరేచర్ జవాబుకు ఈ నేపథ్యజ్ఞానం మీద కూడా మార్కులుంటాయి. లాంగ్వేజ్‌లో అటువంటి జ్ఞానాన్ని అడగరు, ముందున్న పేజీలో ఏముందో అదే అడుగుతారు.

అందువల్ల లిటరేచర్‌లో విద్యార్థి తనకు తెలిసినదాన్ని ఎంచి, వాదనగా పేర్చాలి. లాంగ్వేజ్‌లో ఏది గమనించదగినదో కూడా తనంతట తాను, గడియారం ముందు కూర్చుని తేల్చుకోవాలి. శ్రద్ధగా నోట్సు రాసుకునే పిల్లలకు మొదటిది బాగా వస్తుంది. రెండవది వచ్చేసరికి, టీచరు చెప్పని విషయాన్ని రాయవచ్చునో లేదోనన్న జంకు వారిని పట్టుకుంటుంది.

తెలుగులోనే ఒక చిన్న ఉదాహరణ కల్పించి చెబుతాను. "ముసలాయన గడప దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ఆయన చెప్పులు విప్పి, మళ్లీ తొడుక్కున్నాడు." రచయిత భాషను ఎలా వాడుకున్నాడో రాయమని అడిగితే, అలంకారాల పట్టిక పట్టుకుని వచ్చిన విద్యార్థి ఉపమ కోసం వెతుకుతాడు, రూపకం కోసం వెతుకుతాడు, ఏదీ దొరకక కలం కింద పెడతాడు. నిజానికి ఇక్కడ రాయవలసింది ఎంతో ఉంది. చెప్పులు విప్పడం ఆ ఇంటి మీద ఆయనకున్న చనువు, మళ్లీ తొడుక్కోవడం ఆ చనువు చెల్లలేదని గ్రహించడం. ఆయన మనసులోని అవమానాన్ని రచయిత ఒక్క మాటలోనూ చెప్పలేదు, చేతులూ కాళ్లూ చేసిన పనితో చూపించాడు. "ఎవరూ అనలేదు" అనడంవల్ల లోపల మనుషులున్నారని కూడా మనకు తెలుస్తోంది. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఏ అలంకారం పేరూ అక్కరలేదు, ఆ గడప దగ్గర ఒక్క క్షణం ఆగితే చాలు. లాంగ్వేజ్ పరీక్షలో మంచి మార్కులు ఇలా ఆగగలిగిన పిల్లలకు వస్తాయి.

మీరు ఇప్పుడు చేయవలసిన పని ఒకటి చెబుతాను. లిటరేచర్ రెండవ పేపరు చివర అపరిచిత కవితల భాగం ఉంటుంది, దానికి 32 మార్కులు. లిటరేచర్ అంటే కంఠస్థమేనని చాలామంది అనుకుంటారు కానీ, దానిలోనూ ఎన్నడూ చూడని కవితల మీద అయిదో వంతు మార్కులున్నాయి. బడి నుంచి మాక్ జవాబు పత్రాలు అడిగి తీసుకుని, ఆ 32కు మీ అమ్మాయికి ఎన్ని వచ్చాయో చూడండి. అక్కడ బాగా వస్తే లాంగ్వేజ్‌లో లోపం సొంత రచనలో ఉండి ఉంటుంది. అక్కడ కూడా తగ్గితే, కొత్త రచనను ఒంటరిగా చదవడం దగ్గరే ఆమె ఆగిపోతోందని అర్థం.

ఇదంతా ఇంగ్లండుకు సంబంధించిన మాట. స్కాట్లండులో ఇంగ్లీషు ఒకటే సబ్జెక్టు. వేల్స్‌లో 2025 సెప్టెంబరు నుంచి భాషనూ సాహిత్యాన్నీ కలిపిన కొత్త జీసీఎస్‌ఈ మొదలైంది. అక్కడి బంధువులు ఇచ్చే సలహాలను మీకు అన్వయించుకునే ముందు ఈ తేడా గుర్తుంచుకోండి.


సమాధానం 2: మిల్టన్ కీన్స్ నుంచి ఒక తండ్రి

టీచరు గారు చెప్పినదానికి నా అనుభవం జోడిస్తాను. మా పెద్దవాడికి రెండేళ్ల కిందట లిటరేచర్‌లో 5, లాంగ్వేజ్‌లో 3 వచ్చాయి. మాకూ ఎవరూ ముందుగా హెచ్చరించలేదు. లెక్కల్లో 8, ఫిజిక్స్‌లో 8 వచ్చిన పిల్లవాడు ఎ లెవెల్ చదువుకోసం తాను కోరుకున్న సిక్స్త్ ఫారంలో చేరలేకపోయాడు, ఎందుకంటే అక్కడ లాంగ్వేజ్‌లో 5 తప్పనిసరి అన్నారు. ఇంకొక కాలేజీలో చేరి, ఎ లెవెల్ పాఠాలతోపాటు లాంగ్వేజ్ కూడా మళ్లీ చదివి, నవంబరులో పరీక్ష రాశాడు.

ఏది ముఖ్యమని మీరు అడిగారు. నవంబరులో మళ్లీ రాయడానికి వీలున్నవి లెక్కలు, ఇంగ్లీషు లాంగ్వేజ్ మాత్రమే, లిటరేచర్‌కు ఆ అవకాశం లేదు. ఈ దేశపు విద్యావ్యవస్థ దేనిని తప్పనిసరి అనుకుంటోందో ఆ ఒక్క ఏర్పాటే చెబుతుంది. ఇంగ్లీషులో, లెక్కల్లో 4 రానివారు 16 ఏళ్ల తరువాత కూడా వాటిని చదువుతూనే ఉండాలన్నది ఇంగ్లండులో నియమం. చాలా యూనివర్సిటీ కోర్సులు, అప్రెంటిస్‌షిప్‌లు అడిగేది కూడా లాంగ్వేజ్ గ్రేడునే. 4ను మామూలు పాస్ అనీ 5ను గట్టి పాస్ అనీ పిలుస్తారు, మీ అమ్మాయి అంచు మీద ఉంది. అందుకే నా సలహా ఏమిటంటే, లిటరేచర్‌లో 7 వచ్చింది కనుక దానిని అలాగే వదిలి, మిగిలిన నెలలన్నీ లాంగ్వేజ్‌కే ఇవ్వండి.

మావాడికి పనికొచ్చినది ఒకటే. రాత్రి భోజనమయ్యాక ఒక వార్తాపత్రిక వ్యాసం చదివి, అది రాసినవారు ఏమి కోరుతున్నారో, ఎవరి మీద కోపంగా ఉన్నారో, ఆ కోపం ఏ మాటలో బయటపడిందో నాకు తెలుగులో చెప్పేవాడు. మొదట్లో రెండు వాక్యాలతో సరిపెట్టేవాడు. రెండు నెలలకు నాతో వాదించడం మొదలుపెట్టాడు. నవంబరులో 6 వచ్చింది.


సమాధానం 3: హైదరాబాదులో ఇంగ్లీషు ఉపాధ్యాయిని

పై తండ్రి గారి బాధ అర్థమైంది, ఆయన చేయించిన అభ్యాసం చాలా మంచిది. కానీ లిటరేచర్‌ను వదిలేయమన్న సలహాతో నేను ఏకీభవించలేను.

నేను ఐసీఎస్‌ఈ బడిలో ఎనిమిదేళ్లు చెప్పాను, ఇప్పుడు జీసీఎస్‌ఈకి అంతర్జాతీయ రూపమైన కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈ చెబుతున్నాను. ఐసీఎస్‌ఈలో కూడా ఇంగ్లీషుకు లాంగ్వేజ్, లిటరేచర్ అని రెండు పేపర్లు ఉంటాయి కానీ రెండింటినీ కలిపి ఇంగ్లీషు అని ఒకే ఫలితం ఇస్తారు. సీబీఎస్‌ఈ పదో తరగతిలో సబ్జెక్టు పేరే ఇంగ్లీషు లాంగ్వేజ్ అండ్ లిటరేచర్, రాతపరీక్షలోని 80 మార్కుల్లో సగం సాహిత్యానికి, సగం చదవడానికీ రాయడానికీ వ్యాకరణానికీ కలిపి ఇస్తారు. ఇలా కలిసి ఉన్నచోట ఒకదానిలోని లోటును మరొకటి కప్పేస్తుంది. మీ అమ్మాయి ఇక్కడ చదివి ఉంటే ఆ 7, ఈ 4 కలిసి ఒక మామూలు మార్కుగా కనిపించేవి, లోపం ఎక్కడుందో మీకు తెలిసేది కాదు. విడదీసి చూపడంవల్ల మీకు ఇప్పుడు దిగులు కలిగినా, పిల్లకు అది మేలే చేసింది.

ఇక అసలు మాటకు వస్తాను. ఒక్కొక్క పదం దగ్గర ఆగి, ఇదే పదం ఎందుకు, వేరొకటి ఎందుకు కాదు అని అడిగే అలవాటు పిల్లలకు ఏర్పడేది కవిత చదివే గంటలోనే. నా తరగతిలో ఒక కవితకు మూడు పీరియడ్లు పడుతుంది. అంత తీరిక లాంగ్వేజ్ అభ్యాసపత్రాలకు ఎన్నడూ దొరకదు. లిటరేచర్ గంటలు తీసి లాంగ్వేజ్ గంటలుగా మార్చితే, నీళ్లు వచ్చే చెరువును పూడ్చి కాలువను వెడల్పు చేసినట్లవుతుంది. కావలసిందల్లా, కవిత గురించి టీచరు చెప్పబోయే ముందు పది నిమిషాలు ఆ అమ్మాయిని ఆ కవితతో ఒంటరిగా వదిలిపెట్టడం. అర్థం తరువాత చెప్పినా నష్టం లేదు.

ఇక్కడి నుంచి తొమ్మిదో తరగతి తరువాత ఇంగ్లండు వెళ్లే పిల్లల తల్లిదండ్రులు కూడా ఇది చదువుతారని ఒక మాట చేరుస్తున్నాను. లిటరేచర్ పుస్తకాలు పేర్లతో సహా ముందే తెలుస్తాయి కాబట్టి వెళ్లేలోగా చదివించవచ్చు. షేక్‌స్పియర్ నాటి ఇంగ్లీషు మొదట గట్టిగా అడ్డుపడుతుంది కానీ, నాటకాన్ని పైకి చదివించి, ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడుతున్నారో తెలుగులో చెప్పిస్తే దారి పడుతుంది. లాంగ్వేజ్‌కు మాత్రం అటువంటి దగ్గరి దారి లేదు.


సమాధానం 4: భాషాశాస్త్రం మొదటి సంవత్సరం విద్యార్థిని, లీడ్స్

ఆంటీ, నమస్తే. మీ మూడో ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు కనుక నేను రాస్తున్నాను. నేను ఎ లెవెల్‌లో ఇంగ్లీషు లాంగ్వేజ్ చదివాను. జీసీఎస్‌ఈలో నాకు లాంగ్వేజ్ ఏమాత్రం నచ్చలేదు, ఎ లెవెల్‌లో నేను ఎక్కువగా ప్రేమించిన సబ్జెక్టు అదే. రెండింటికీ పేరు ఒకటే కానీ చదువు ఒకటి కాదు.

ఎ లెవెల్‌లో ఇంగ్లీషు మూడు సబ్జెక్టులుగా ఉంటుంది: లాంగ్వేజ్ ఒకటి, లిటరేచర్ ఒకటి, రెండూ కలిపినది ఇంకొకటి. లిటరేచర్ జీసీఎస్‌ఈలో మొదలైన దారిలోనే ఇంకా లోతుకు వెళ్తుంది. లాంగ్వేజ్ మాత్రం అక్కడికి వచ్చేసరికి నిజంగా భాషను గురించిన శాస్త్రంగా మారుతుంది. ధ్వనులు ఎలా పుడతాయి, పదాల అర్థాలు కాలంతో ఎలా జారిపోతాయి, ఇంగ్లండులోనే ఉత్తరాదివారి యాసను వింటే కొందరు ఎందుకు చిన్నచూపు చూస్తారు, ఆడవారి మాట మగవారి మాట వేరన్న అభిప్రాయంలో నిజమెంత అన్నవి మా పాఠాలు. పసిపిల్లలు మాటలు నేర్చుకునే తీరు కూడా ఒక పెద్ద పాఠం. 'రన్' అనే క్రియకు భూతకాలం 'రన్నెడ్' అని చిన్నపిల్లలు అంటుంటారు. ఆ మాట వారికి ఎవరూ నేర్పి ఉండరు, పెద్దవాళ్లు అలా అనరు. అంటే ఆ పసివాడు విన్న మాటల్లోంచి ఒక సూత్రాన్ని తానే కనిపెట్టి, అది చెల్లనిచోట కూడా వాడాడన్నమాట. ఇది విన్న రోజు నాకు మా తమ్ముడి ప్రతి తప్పు మాటా ఒక నిధిలా అనిపించింది.

ఇంగ్లీషును ఎలా మాట్లాడాలో శాసించేవారికీ, జనం ఎలా మాట్లాడుతున్నారో నమోదు చేయాలనేవారికీ మధ్య ఉన్న పాత వివాదం కూడా సిలబస్‌లో ఉంది. ఆ పాఠం గురించి ఇంట్లో చెప్పినప్పుడు మా తాతయ్య గిడుగు రామమూర్తి గారి వ్యావహారిక భాషోద్యమం గురించి గంటసేపు చెప్పారు. పిల్లల చదువు గ్రాంథికంలో కాక వాడుక తెలుగులో సాగాలని ఆయన ఎందుకు పోరాడారో విన్నాక, మా క్లాసు పాఠం ఏదో దూరదేశపు తగువుగా అనిపించడం మానేసింది.

మొత్తం మార్కుల్లో 20 శాతం మనం సొంతంగా చేసే పనికి ఉంటాయి. దానిలో ఒక భాగం 2,000 పదాల భాషా పరిశోధన. నేను మా టీచరు ఒప్పుకోలుతో, అమ్మా నాన్నల అనుమతి తీసుకుని, ఇంట్లో మేము భోజనాల దగ్గర మాట్లాడుకున్న మాటలు రికార్డు చేశాను. తెలుగు వాక్యంలోకి వచ్చిన ఇంగ్లీషు క్రియలు నేరుగా రావడం లేదు, ఒక తెలుగు క్రియను వెంటబెట్టుకుని వస్తున్నాయి. "టికెట్ క్యాన్సిల్ చేశాను" అంటే చేసినవాడున్నాడు, "టికెట్ క్యాన్సిల్ అయింది" అంటే చేసినవాడు కనబడడు. మా అమ్మ ఈ తేడాను ఎన్నడూ తప్పలేదు, ఇంగ్లండులో పుట్టిన మా తమ్ముడు కూడా తప్పలేదు. భాష కలగాపులగమైపోతోందని ఇంటికి వచ్చినవారందరూ నిట్టూర్చే చోట ఇంత కచ్చితమైన వ్యాకరణం ఉందని నా పదిహేడో ఏట తెలిసింది. యూనివర్సిటీలో భాషాశాస్త్రం చదవాలని నేను నిర్ణయించుకున్నది ఆ రికార్డింగులు వింటున్నప్పుడే.

అందుకని జీసీఎస్‌ఈలో 4 వచ్చిందన్న ఒక్క కారణంతో వద్దనకండి. అయితే ఎ లెవెల్ లాంగ్వేజ్‌లో చేరడానికి సిక్స్త్ ఫారంలు సాధారణంగా 5 గానీ 6 గానీ అడుగుతాయి, మీ దగ్గర ఎంత అడుగుతారో తెలుసుకోండి. యూనివర్సిటీలో సాహిత్యం చదవాలన్న కోరిక కూడా ఆమెకు ఉంటే, చాలా చోట్ల ఎ లెవెల్ లిటరేచర్ లేదా కలిపిన సబ్జెక్టు కావాలంటారు, అది కూడా ముందే చూసుకోవాలి. తను లాంగ్వేజ్ ఎందుకు అడుగుతోందో ఒకసారి కూర్చోబెట్టి వినండి, ఆంటీ. మనుషుల మాటతీరు మీద ఆసక్తితో అడుగుతుంటే అది సరైన సబ్జెక్టే.


ప్రశ్న వేసిన తల్లి

ఇంత ఓపికగా రాసినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. టీచరు గారు చెప్పినట్లు జవాబు పత్రాలు తెప్పించి చూశాను. మాది ఏక్యూఏ బోర్డే. అపరిచిత కవితల్లో 32కు 11 వచ్చాయి, తెలిసిన పుస్తకాల మీద రాసిన జవాబులన్నింటిలోనూ మార్కులు ఎక్కువే. లాంగ్వేజ్‌లో సొంత రచనకు 40కి 25 వచ్చాయి. తక్కినదంతా చదివి రాసే ప్రశ్నల్లోనే పోయింది. మొదటి పేపరులో 20 మార్కుల ప్రశ్నకు నాలుగు వాక్యాలు రాసి వదిలేసింది.

ఎందుకు వదిలేశావని నేను కోప్పడకుండా అడిగితే, అది కథ గురించి తన అభిప్రాయం అడిగిన ప్రశ్న అనీ, తన అభిప్రాయం తప్పయితే మార్కులు పోతాయేమోనని భయపడ్డాననీ చెప్పింది. ఆ మాట విన్నాక నా మనసు చివుక్కుమంది. చిన్నప్పటి నుంచి ప్రతి పాఠానికీ సరైన జవాబు ఏదో ముందే చెప్పి చదివించింది నేనే. ఎ లెవెల్ గురించి కూడా విన్నాను. వాళ్ల నాయనమ్మ గుంటూరు మాటకూ నల్గొండలో పెరిగిన మా అమ్మ మాటకూ ఉన్న తేడాలను తాను ఒక పుస్తకంలో రాసుకుంటోందట, ఆ పుస్తకం ఉన్నట్లు నాకు ఇప్పటివరకు తెలియదు. పరీక్షలకు ఇంకా నాలుగు నెలలుంది. రోజుకు ముప్పావుగంట కేటాయించగలం. ఎక్కడ మొదలుపెట్టమంటారు?


సమాధానం 1 ఇచ్చిన టీచరు, మళ్లీ

అమ్మా, మీరు పంపిన మార్కులు చూస్తే దారి స్పష్టంగానే ఉంది. సొంత రచన ఫరవాలేదు, వ్యాకరణ పుస్తకాన్ని వారానికి ఒక రోజుకు తగ్గించండి. ఆ 20 మార్కుల ప్రశ్నలో ఆమె అభిప్రాయం ఏదన్నది ఎవరూ లెక్కించరు. ప్రశ్నలో ఇచ్చిన వ్యాఖ్యతో ఒప్పుకోవచ్చు, విభేదించవచ్చు, కొంతవరకే ఒప్పుకోవచ్చు. ఆ అభిప్రాయానికి ఆధారం పేజీలో చూపించిందా, ఆ ఆధారం ఎలా పనిచేసిందో వివరించిందా అన్నదే మేము చూస్తాం. ఈ సంగతి ఆమెకు నా మాటగా చెప్పండి. గత ఏడాది నా తరగతిలో ఒకే భాగం మీద పరస్పర విరుద్ధంగా రాసిన ఇద్దరు పిల్లలకు నేను ఒకే మార్కు వేశాను.

రోజూ చేయవలసినది ఇది. ఒక పేజీ ఇవ్వండి, ప్రశ్నలు ఇవ్వకండి. మొదటిసారి ఊరికే చదవాలి. రెండవసారి చదువుతూ తనను ఆపిన మూడు చోట్ల గీత గీయాలి. ఎందుకు ఆగిందో ఒక్కొక్క దానికి రెండు మూడు వాక్యాలు రాయాలి, ఆ వాక్యాల్లో అలంకారాల పేర్లు మొదటి మూడు వారాలు రాయనివ్వకండి. మీరు చదివి సరిదిద్దవద్దు. మీకు అర్థం కానిచోట అడగండి చాలు, మీకు వివరించే ప్రయత్నంలోనే ఆమె జవాబు పెరుగుతుంది. నాలుగో వారం నుంచి గడియారం పెట్టండి. కథాభాగాలు ఇచ్చినప్పుడు కథ ఎక్కడ మొదలైంది, చూపు ఎక్కడి నుంచి ఎక్కడికి మారింది, ముగింపులో ఏమి దాచారు అన్నవి కూడా అడుగుతూ ఉండండి, ఎందుకంటే మొదటి పేపరులో నిర్మాణం మీద విడిగా ఒక ప్రశ్న ఉంటుంది.

రెండవ పేపరు కోసం 19వ శతాబ్దపు ఉత్తరాలు, ప్రయాణ వృత్తాంతాలు వారానికి రెండైనా చదివించండి. ఆనాటి వాక్యాలు పొడుగ్గా ఉంటాయి, అలవాటు లేనివారు మధ్యలో దారి తప్పుతారు. ఏక్యూఏ వెబ్‌సైటులో పాత ప్రశ్నపత్రాలు ఉచితంగానే దొరుకుతాయి. మరొకటి, ఆ గుంటూరు, నల్గొండ మాటల పుస్తకాన్ని ఆమె ఇంగ్లీషు టీచరుకు చూపించమనండి. లాంగ్వేజ్‌తోపాటు మాట్లాడే పరీక్ష ఒకటి బడిలోనే జరుగుతుంది. దాని మార్కులు గ్రేడులో కలవవు కానీ ఫలితాన్ని సర్టిఫికెట్ మీద పాస్, మెరిట్, డిస్టింక్షన్ అని విడిగా చూపుతారు. ఆమె అది ఇంకా పూర్తిచేసి ఉండకపోతే, అయిదు నిమిషాలు నిలబడి మాట్లాడడానికి అంతకన్నా మంచి విషయం ఆమెకు దొరకదు.

మొదటి వారం రాసిన వాటిలో ఒక పేరాను, ఆమెకు అభ్యంతరం లేకపోతే, ఇక్కడ పెట్టండి. చదివి చెబుతాను.